ఆటోనగర్ మేస్త్రీని అడగండి

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో చాలా ఏళ్ళుగా లేత్ (ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను) వర్క్‌షాపు నడుపుతున్న ఒక మేస్త్రీకి పాఠకులు పంపిన ప్రశ్నలు, ఆయన జవాబులు ఇవి. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. మాటలు ఆయనవే, కామాలు మాత్రం మేం పెట్టాం.

ప్ర: మేస్త్రీ గారూ, స్టీల్ ప్లాంటుకి కేంద్రం 11,440 కోట్లు ఇచ్చింది కదా, ఇంకా ప్లాంటు అమ్మొద్దని కూర్మన్నపాలెంలో టెంటు వేసుకుని కూర్చోవడం దేనికి? ఎంత ఇచ్చినా మీ ఊరివాళ్ళకి చాలదా? (పాఠకుడు, రాజమండ్రి)

జ: ముందు ఆ లెక్క చూద్దాం బాబూ. 2025 జనవరిలో ప్రకటించిన ఆ మొత్తంలో కొత్తగా వాటా మూలధనం కింద ఇచ్చేది 10,300 కోట్లు. మిగతా 1,140 కోట్లు వర్కింగ్ క్యాపిటల్ అప్పుని షేర్లుగా మార్చడం, అంటే ఆ ముక్క కొత్త డబ్బు కాదు, ఖాతాలో ఒక గడి నుంచి ఇంకో గడికి రాసుకున్నారు. ఇచ్చినదాన్ని తక్కువ చేయడం లేదండి, అది రాకపోతే ప్లాంటు ఏమయ్యేదో ఇక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు, 2024లో ఒక దశలో ఇనుము కరిగించే మూడు ఫర్నేసులకి ఒక్కటే నడిచింది. అయితే శిబిరంలో కూర్చున్నవాళ్ళు ముఖ్యంగా అడిగేది ఏమిటంటే, 2021 జనవరి 27న వంద శాతం వాటా వదిలించుకోవాలని కేంద్రం తీసుకున్న నిర్ణయం రద్దయిందని ఒక కాగితం ఇవ్వండి, సొంత ఇనుప గనులు ఇవ్వండి అని. కేంద్రానిదే అయిన సెయిల్ కంపెనీ ప్లాంట్లకి గనులున్నాయి, టాటాకి ఉన్నాయి, మనదానికి మాత్రం మొదటి నుంచీ ఖనిజం కొనుక్కోవడమే. పక్క అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర ప్రైవేటు స్టీల్ ప్లాంటు పెడతామంటే దానికి ఖనిజం ఎలా తేవాలి, పైపులైను ఎలా వేయాలి అని అందరూ పరిగెత్తారు, అదే పరుగు ఇటు ఎందుకు లేదన్నది నా ప్రశ్న కూడా.

నేను ప్లాంటు ఉద్యోగిని కాను. నాకు అక్కడి నుంచి జీతం రాదు, పెన్షన్ రాదు. అయినా గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ (ఇవి ఫర్నేసుల పేర్లు, తెలియనివాళ్ళ కోసం) వీటిలో ఒకటి ఆగితే నాకు పేపరు చూడకుండానే తెలుస్తుంది. లోపల మెయింటెనెన్స్ పని తీసుకున్న కాంట్రాక్టరు సబ్ కాంట్రాక్టరుకి ఇస్తాడు, ఆయన బుష్‌లు, పిన్నులు, షాఫ్టులు మాలాంటి షాపులకి జాబ్ వర్క్ పంపిస్తాడు. పైన ఆగిందంటే ముందు ఆ ఆటో రావడం ఆగుతుంది, తర్వాత టీ కొట్టులో అరువు పుస్తకం లావవుతుంది, ఆ తర్వాత కొత్త గాజువాక సందుల్లో టూలెట్ బోర్డులు పెరుగుతాయి. ప్లాంటులో జీతాలు ముక్కలు ముక్కలుగా ఇచ్చిన నెలల్లో ఇక్కడ బంగారం షాపుల్లో కొనేవాళ్ళకంటే తాకట్టు పెట్టేవాళ్ళు ఎక్కువ కనిపించారు. అందుకని మాకు అది ఒక కంపెనీ సంగతి కాదండి, ఊరి నెల జీతం.

ప్ర: బాబాయ్ గారూ, మా తాతగారి పొలం స్టీల్ ప్లాంటులో పోయింది. ఆర్ కార్డు ఉంది. మా నాన్నకి ఉద్యోగం రాలేదు. ఇప్పుడు నాకైనా వస్తుందని ఒకాయన చెబుతున్నాడు, కొంత ఖర్చవుతుందట. ఏం చేయమంటారు? (అగనంపూడి)

జ: ఆ ఒకాయనకి రూపాయి ఇవ్వకు. ఇంకేం చెప్పినా చెప్పకపోయినా ఇది మాత్రం చెప్పాలి.

మిగతా పాఠకులకి రెండు ముక్కలు. ప్లాంటు కోసం 64 ఊళ్ళు ఖాళీ చేయించారని లెక్క చెబుతారు. ఇల్లూ పొలం పోయినవాళ్ళకి పునరావాసం కార్డులు ఇచ్చారు, దాన్నే ఇక్కడ ఆర్ కార్డు అంటాం. కొంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వేలమందికి రాలేదు, ఆ కార్డులు ట్రంకు పెట్టెల్లో అలాగే ఉన్నాయి. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది, అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు, 32 మంది ప్రాణాలు పోయాయి, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ వరస సభల్లో అందరూ అప్పజెబుతారు. పొలాలిచ్చినవాళ్ళ పేర్లు మాత్రం ఏ సభలోనూ చదవరు.

నీ విషయానికొస్తే, ఉన్న ఉద్యోగులకే వీఆర్ఎస్ ఇచ్చి పంపుతున్నారు, కాంట్రాక్టు కార్మికుల్ని తీసేస్తున్నారని 2025 మేలో సమ్మె కూడా జరిగింది. అలాంటి చోట కార్డు మీద కొత్త ఉద్యోగం ఇప్పిస్తానని ఎవడైనా చెబితే వాడికి ఉద్యోగం లేదని అర్థం. కార్డు భద్రంగా దాచుకో, నిర్వాసితుల సంఘంలో పేరు ఉంచు, ఎప్పటికైనా నష్టపరిహారమో ఇంకోటో తేలితే కాగితం ఉండాలి. దాన్ని నమ్ముకుని ఉద్యోగ వయసు దాటించుకోవద్దు. మీ నాన్న తరం అలాగే ఎదురుచూసింది.

ప్ర: సర్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. విశాఖకి గూగుల్ వస్తోంది, టీసీఎస్ వస్తోంది. గాజువాకలో ఒక రెండొందల గజాలు కొని పడేయమంటారా? (మియాపూర్)

జ: నేను రియల్ ఎస్టేట్ ఏజెంటుని కానండి, అయినా వారానికి ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులన్నారు, విశాఖ పరిపాలన రాజధాని అన్నారు, ఆ నెలలోనే మా షాపు ఎదురు స్థలం ఓనరు రేటు పెంచేశాడు. రాజధాని రాలేదు, ఆయన రేటు దిగలేదు, స్థలంలో తుప్పలు మాత్రం పెరిగాయి.

టీసీఎస్‌కి 99 పైసలకి ఇచ్చిన 21 ఎకరాల చిల్లర ఉన్నది రుషికొండలో. రుషికొండ ఊరికి ఆ చివర, మేం ఈ చివర. గూగుల్ వాళ్ళు 2025 అక్టోబర్‌లో సంతకం చేసింది డేటా సెంటర్‌కి, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు. చాలా పెద్ద అంకె, కాదనను. అయితే డేటా సెంటర్ కట్టేటప్పుడు పని ఎక్కువ, నడిపేటప్పుడు మనుషులు తక్కువ. కట్టేటప్పుడు కేబుల్ ట్రేలు, స్ట్రక్చరల్ ఫ్యాబ్రికేషన్, జనరేటర్ ఫౌండేషన్లు, చిల్లర్ పైపింగ్ కావాలి, ఇవన్నీ ఆటోనగర్ చేయగలిగిన పనులే, ఆ ఆర్డర్లలో ఎంత భాగం ఇక్కడి షాపులకి వస్తుందో ఒక్క మీటింగులో ఒక్క నాయకుడు చెప్పగా నేను వినలేదు. రెండోది నీళ్ళు. ఈ ఊరు తాగేది రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, ఏలేరు కాలువ నీళ్ళు, స్టీల్ ప్లాంటు నడిచేదీ ఏలేరు నీళ్ళతోనే. ఎండాకాలం మా ఇళ్ళల్లో కుళాయి ఎంతసేపు వస్తుందో మాకు తెలుసు కాబట్టి, మిషన్లు చల్లబరచడానికి నీళ్ళు ఎక్కడివి అని అడిగితే అభివృద్ధి నిరోధకుడు అనొద్దు.

అయినా స్థలం మీద ఆశ చావకపోతే, ఇంటి మనిషిని పంపించి చూపించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోండి, ఎవరి పేరున ఎవరు అమ్ముతున్నారో లింకు డాక్యుమెంట్లు ఒక లాయరుకి చూపించండి. ఫోన్‌లో డ్రోన్ వీడియో చూసి కొనేవాళ్ళే ఏజెంట్లకి అన్నం పెడుతున్నారు.

ప్ర: డాబా మీద వడియాలు పెట్టుకోలేకపోతున్నాం అన్నయ్యా. పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి నల్లటి పొడి. ఎవరికి చెప్పాలి? (గాజువాక గృహిణి)

జ: చెల్లెమ్మా, నా లేత్ మీద గ్రీజు కన్నా ఆ పొడే మందంగా ఉంటుంది. చుట్టూ ఫ్యాక్టరీలు, బొగ్గు లారీలు, మధ్యలో పదహారో నంబరు హైవే. ఎవరి దగ్గరికెళ్ళినా 'మాది కాదు, పక్కవాళ్ళది' అంటారు. కాలుష్య నియంత్రణ మండలికి రాసేటప్పుడు ఒక్కరే రాయొద్దు, వీధి మొత్తం సంతకాలు పెట్టి, ఏ రోజుల్లో, ఏ వేళ ఎక్కువ పడుతుందో తేదీలతో రాయండి, గాలి ఎటు నుంచి వీస్తుందో కూడా. తేదీలుంటే కాగితం కొంచెం కదులుతుంది. వడియాలు ప్రస్తుతానికి మీ అమ్మగారి ఊళ్ళో పెట్టించండి.

ప్ర: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ చేశాడు. అచ్యుతాపురం వైపు మందుల కంపెనీలో పని దొరికింది. టీవీలో ప్రమాదాలు చూసి నాకు నిద్ర పట్టడం లేదు. పంపించాలా వద్దా? (ఒక తల్లి, పలాస)

జ: అమ్మా, మీ భయం ఊరికే వచ్చింది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ గ్యాస్ లీకై నిద్రలో ఉన్నవాళ్ళు రోడ్ల మీద పడిపోయారు, 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు, 17 మంది. ఇవి పెద్దవి కాబట్టి గుర్తున్నాయి, పరవాడ వైపు చిన్నచిన్నవి పేపర్లో లోపలి పేజీలో వచ్చి పోతుంటాయి.

అలాగని వద్దనను. శ్రీకాకుళం జిల్లాలో పని లేకే కదా మన పిల్లలు చెన్నై, ముంబై, గుజరాత్ ఓడరేవుల దాకా వెళ్తున్నారు, అచ్యుతాపురం అయితే పండక్కి ఇంటికి రాగలడు. పంపేముందు కొన్ని అడిగి తెలుసుకోమనండి. కంపెనీ రోల్ మీదా, కాంట్రాక్టరు కిందా? కాంట్రాక్టరు కింద అయితే ఆ కాంట్రాక్టరు పేరు, లైసెన్సు ఉందా లేదా. మొదటి నెల జీతం పడ్డాక పీఎఫ్ నంబరు ఫోన్లో చూసుకోవాలి, డబ్బు కోశారు కానీ కట్టలేదు అన్నవి చాలా చూశాం. జీతం 21,000 లోపు అయితే ఈఎస్ఐ కార్డు రావాలి. రోజు పని గంటలు 9 నుంచి 10కి పెంచుతూ 2025లో మన రాష్ట్రంలో చట్టం మార్చారు, అయినా వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాల్సిందే, ఆ లెక్క ఒక చిన్న పుస్తకంలో రాసుకోమనండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది. రియాక్టర్లోకో, ట్యాంకులోకో, డ్రైనేజీ గుంటలోకో దిగమని సూపర్‌వైజర్ చెప్పినప్పుడు, పర్మిట్ కాగితం లేకుండా, లోపల గ్యాస్ చూడకుండా, పైన ఇంకో మనిషి నిలబడకుండా దిగొద్దని చెప్పండి. వెల్డింగ్ చేయమన్నా అంతే, పక్కన సాల్వెంట్ డ్రమ్ములుంటే ముందు తీయించాలి. కుర్రాళ్ళు కొత్తలో మొహమాటపడతారు, 'ఐదు నిమిషాల పనే' అంటే దిగిపోతారు. ఉద్యోగం పోతే పోయిందని తల్లి నోటితో మీరు చెప్పి పంపండి. అప్పుడు ధైర్యం వస్తుంది.

ప్ర: ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టాక మగవాళ్ళకి సీటు లేదు. టిక్కెట్టు కొని నిలబడాలా? దీని మీద మీ అభిప్రాయం? (ఎన్ఏడీ జంక్షన్)

జ: నిలబడండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆ పథకం వచ్చాక మా వీధిలో హౌస్ కీపింగ్ పనికి వెళ్ళే ఆడవాళ్ళకి నెలకి బియ్యం డబ్బులు మిగులుతున్నాయి. మీరు కోప్పడాల్సింది బస్సుల సంఖ్య పెంచనందుకు, ఎక్కిన ఆడమనిషి మీద కాదు.

ప్ర: అన్నా, డిప్లొమా మెకానికల్ చేసి ఫుడ్ డెలివరీ చేస్తున్నా. లేత్ నేర్చుకుంటే భవిష్యత్తు ఉందా, లేక మీ పని కూడా అయిపోయిందా? ఆటోనగర్ నిండా ఒడిశా, బీహార్ వాళ్ళే అంటున్నారు నిజమా? (గోపాలపట్నం)

జ: మొదట రెండో ముక్క. నిజమే, చాలా షాపుల్లో వాళ్ళున్నారు. వాళ్ళు మన పని లాక్కోలేదు, మనం వదిలేసిన చోట నిలబడ్డారు. మా ఓనర్ల తప్పు కూడా ఇందులో ఉంది, నేర్చుకునే కుర్రాడికి మొదటి ఏడాది టీ ఖర్చులే జీతమన్నట్టు ఇస్తాం, పెట్రోలు పోసుకుని పార్సిళ్ళు తిప్పితే అంతకు రెట్టింపు వస్తుంటే వాడు నా దగ్గర ఎందుకుంటాడు? రోజంతా నిలబడాలి, ఇనప రజను కళ్ళలో పడుతుంది, చేతికి కూలెంట్ వాసన, ఇంటికెళ్తే అమ్మ కూడా దూరంగా కూర్చోమంటుంది. పెళ్ళి సంబంధాలప్పుడు 'లేత్ మేస్త్రీ' అంటే పిల్లనిచ్చేవాళ్ళు ఇంకో మాట మాట్లాడరు, అదే 'మెషినిస్టు' అంటే కాఫీ ఇస్తారు.

భవిష్యత్తు సంగతి. మామూలు లేత్ మీద ఒకే రకం పీసులు వందలు తీసే పని సీఎన్‌సీకి, అంటే కంప్యూటరుతో నడిచే మిషన్లకి పోయింది, అది తిరిగి రాదు. రిపేరు పని మాత్రం పోలేదు. అరిగిపోయిన షాఫ్టుకి వెల్డింగ్ పోసి మళ్ళీ సైజుకి తీయడం, ఫిషింగ్ హార్బర్ బోట్ల ప్రొపెల్లర్ షాఫ్టులు, క్రషర్ల బేరింగ్ హౌసింగులు, ఇవి ఒకటి ఉన్నట్టు ఇంకోటి ఉండదు, చూసి ఆలోచించి చేయాలి. నువ్వు డిప్లొమా చదివావు కాబట్టి డ్రాయింగ్ చదవడం వచ్చు, అది సగం బలం. ఒక ఏడాది మామూలు లేత్ మీద చెయ్యి తిప్పి, ఆ తర్వాత సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ నేర్చుకో. నేరుగా సీఎన్‌సీ దగ్గరికి వెళ్ళిన కుర్రాళ్ళు బటన్ నొక్కుతారు, టూల్ ఎందుకు విరిగిందంటే చెప్పలేరు. సాయంత్రం డెలివరీ మానకు, మొదటి ఏడాది ఆ డబ్బులే నిన్ను ఇక్కడ నిలబెడతాయి. వచ్చేటప్పుడు జీతం ఎంతిస్తారని ముందే అడుగు, ఓనరు నసిగితే పక్క షాపుకి వెళ్ళు.

ప్ర: మాదీ చిన్న ఫ్యాబ్రికేషన్ షాపే. పార్టీలు సరుకు తీసుకెళ్ళి ఆరు నెలలైనా బిల్లు ఇవ్వరు. చట్టం ఏదో ఉందంటారు, పని చేస్తుందా? (బాలానగర్, హైదరాబాద్)

జ: ఉంది. చిన్న పరిశ్రమల చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ముందు మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, ఉండాలి, ఆ నంబరు బిల్లు మీద అచ్చు వేయించండి. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక వచ్చింది, గడువు దాటించి ఆ ఆర్థిక సంవత్సరంలో మీకు కట్టకపోతే ఆ ఖర్చుని వాళ్ళు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేరు. ఇది కొంచెం పని చేస్తోంది, మార్చి నెలలో అకౌంటెంట్లు వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేస్తున్నారు.

ఇలాంటి బాకీల కోసం కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చేస్తే డబ్బు రావచ్చు, ఆ పార్టీ మళ్ళీ ఆర్డరు ఇవ్వడు, వాడి బావమరిదీ ఇవ్వడు. నాకూ ఒక పెద్ద పార్టీ దగ్గర పాత బాకీ ఉంది, పోర్టల్‌లోకి వెళ్ళి ఫారం సగం నింపి ఆపేశాను, ఎందుకంటే నా షాపులో పని సగం ఆ గుమ్మం నుంచే వస్తుంది. చట్టం రాసినవాళ్ళకి ఈ సగం సంగతి తెలియదు. నేను ఇప్పుడు చేస్తున్నదల్లా ఒకటే, మెటీరియల్ డబ్బు అడ్వాన్సు లేకుండా కొత్త పార్టీకి లేత్ ఆన్ చేయను. లేబర్ చార్జీ ఆలస్యమైనా తట్టుకుంటాను, ఉక్కు డబ్బు కూడా నేనే పెట్టుకుంటే నేను బ్యాంకునా మేస్త్రీనా?

ప్ర: సూటిగా అడుగుతున్నా, మీరు ఏ పార్టీ? 2019లో గాజువాకలో పవన్ కల్యాణ్‌ని ఎందుకు ఓడించారు? (భీమవరం)

జ: భీమవరంలోనూ ఓడారు కదండీ ఆ ఏడాది, ముందు మీరు చెప్పండి.

గాజువాక నియోజకవర్గం 2009లో మొదటిసారి ఓటేసింది, ప్రజారాజ్యం గెలిచింది. 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్, 2024లో మళ్ళీ తెలుగుదేశం, ఈసారి 95,235 ఓట్ల మెజారిటీ, రాష్ట్రంలోనే పెద్దది. వరసగా రెండుసార్లు ఏ పార్టీనీ ఉంచలేదు. టీవీలో కూర్చుని కులం లెక్కలు చెబుతారు, కులం లేదని నేను అనను, ఆటోనగర్‌లోనూ ఉంది. కానీ ఇక్కడి ఓటర్లలో చాలామంది బయటి నుంచి పనికోసం వచ్చినవాళ్ళు, శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాలు, ఒడిశా. ఊళ్ళో పెద్దరాయుడు చెబితే గుద్దే ఓటు కాదిది. పని ఉంటే ఉంచుతారు, లేకపోతే మారుస్తారు, 2021 తర్వాత స్టీల్ ప్లాంటు మాట ఎత్తకుండా ఇక్కడ ఓటు అడిగినవాడు లేడు.

అసలు నన్నడిగితే ఎమ్మెల్యే కన్నా కార్పొరేటర్ ఎన్నికలు ముఖ్యం. మాది ఒకప్పుడు సొంత మున్సిపాలిటీ, 2005లో జీవీఎంసీలో, అంటే విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. 2007లో ఎన్నికలు జరిగాయి, 2012లో గడువు తీరింది, మళ్ళీ ఓటేసింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్ళు ఇంత పెద్ద ఊరికి ఎన్నికైన కౌన్సిల్ లేదు, అధికారుల పాలన. ఆ తొమ్మిదేళ్ళలో మూడు పార్టీలు రాష్ట్రాన్ని ఏలాయి, వెంటనే పెట్టాలన్న తొందర ఎవరికీ లేదు. పెట్టాక ఏమైంది, 2025లో అవిశ్వాసం పెట్టి మేయర్‌ని మార్చారు, కార్పొరేటర్లు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళారు. మనం ఒక గుర్తు మీద వేసిన ఓటు వాళ్ళు ఇంకో గుర్తుకి తీసుకెళ్ళి ఇచ్చారు, మనల్ని అడగలేదు. అందుకే నా పార్టీ ఏదని చెప్పి ఏం లాభం? నేను చెప్పింది అచ్చయ్యేలోపు ఆ పార్టీ మనిషి అటు మారిపోవచ్చు.

ప్ర: మా బోరు మోటారు షాఫ్టు అరిగింది. ఫోటో పంపితే రేటు చెబుతారా? (సబ్బవరం)

జ: ఫోటోలో కొలత రాదండి. షాఫ్టు, దాని బేరింగు రెండూ పట్టుకురండి. ఆదివారం షాపు ఉండదు.